మంచు హాకీ ప్రసారంలో స్కోరు, గడియారం: ఓబీఎస్ స్టూడియోతో నాలుగు సీజన్ల అనుభవం

టొరంటో శివారులో మా అబ్బాయి ఆడే జట్టు మ్యాచులను నాలుగు సీజన్లుగా నేనే ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నాను. చలికాలంలో ఇక్కడ సాయంత్రం 7 గంటలకు మొదలయ్యే ఆటను విజయవాడలో మా అమ్మానాన్నలు మర్నాడు తెల్లవారుజామున 5:30కి లేచి ఫోనులో చూస్తారు. అంత చిన్న తెర మీద పక్ (కర్రలతో కొట్టే చిన్న నల్ల బిళ్ల) ఎక్కడుందో పోల్చుకోవడమే కష్టం కాబట్టి ఎవరెన్ని గోల్స్ చేశారు, ఏ పీరియడ్ నడుస్తోంది, ఇంకెంత సమయం ఉంది, ఏ జట్టులో ఆటగాడు తగ్గాడు అన్న సంగతులన్నీ పై మూలన ఉండే పట్టీయే చెప్పాలి. ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియో అనే ప్రసార సాఫ్ట్‌వేరుతో ఆ పట్టీని నమ్మకంగా నడపవచ్చు. కాకపోతే స్కోరు చూపడం తేలిక, గడియారం చూపడం కష్టం. నా శ్రమలో అధిక భాగం గడియారానికే పోయింది.

మొదటి సీజన్‌లో ఒక చిన్న టైమర్ ప్రోగ్రాము సమయాన్ని టెక్స్ట్ ఫైలులో రాస్తూ ఉంటే, ఓబీఎస్‌లోని టెక్స్ట్ సోర్స్ (తెర మీద అక్షరాలు చూపే భాగం) దాన్ని చదివి చూపేది. జట్ల పేర్లకు, గోల్స్ సంఖ్యకు ఈ పద్ధతి ఇప్పటికీ చాలు. విండోస్‌లో ఆ సోర్స్ ఫైలును సుమారు సెకనుకు ఒకసారి మాత్రమే చూస్తుంది కనుక, రాసే వేళ, చదివే వేళ కుదరనప్పుడు 8:14 రెండు సెకన్లు నిలిచిపోయి, 8:13 కనిపించకుండానే 8:12 వచ్చేది. అది ఓబీఎస్ లోపమని నేను అనను, ఆ సౌకర్యం గడియారం కోసం చేసినది కాదు.

రెండో సీజన్‌లో రింకు (ఆడే మంచు మైదానం) స్కోరుబోర్డు వైపే ఒక వెబ్‌క్యామ్ గురిపెట్టి, క్రాప్ ఫిల్టరుతో అంకెలను మాత్రం కత్తిరించి మూలన అతికించాను. బోర్డులోని ఎల్‌ఈడీలు మినుకుమినుకుమంటూ వెలగడం వల్ల అంకెలు ముక్కలుగా కనిపించేవి. షట్టరు వేగాన్ని 1/60 సెకనుకు తగ్గించాక చాలావరకు నిండుగా వచ్చాయి. సమయం ఎన్నడూ తప్పు కాకపోవడం ఈ పద్ధతిలోని గొప్ప గుణం. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ముందుగా చెప్పేది ఇదే. ఫోనులో చదవడానికి మాత్రం అది అంత బాగుండదు.

మూడో సీజన్ నుంచి బ్రౌజర్ సోర్స్ వాడుతున్నాను. నేనే రాసుకున్న ఒక వెబ్ పేజీ పారదర్శకంగా వీడియో మీద కూర్చుంటుంది. ఇందులో నేర్చుకున్న మొదటి పాఠం, సెకనుకొకసారి ఒకటి తీసివేస్తూ పోతే గడియారం మెల్లమెల్లగా వెనకబడుతుందని. ఆట మొదలైన క్షణాన్ని గుర్తుంచుకుని, కంప్యూటరు అసలు సమయంలో నుంచి దాన్ని తీసివేసి, అలా వచ్చిన గడిచిన సమయాన్ని పీరియడ్ నిడివిలోంచి తగ్గించి చూపాలి. అప్పుడే పీరియడ్ చివరి నిమిషంలో సెకనులో పదో వంతులు కూడా నిజాయితీగా చూపగలం. అంకెలన్నీ ఒకే వెడల్పు ఉన్న ఫాంటు ఎంచుకోకపోతే, 1 వచ్చినప్పుడల్లా పట్టీ మొత్తం అటూ ఇటూ కదులుతుంది.

రెండో పాఠం ఒక మ్యాచు పాడయ్యాక తెలిసింది. బ్రౌజర్ సోర్స్ సెట్టింగులలో సీన్ (ముందే సిద్ధం చేసుకున్న తెర అమరిక) తెర మీదికి వచ్చినప్పుడల్లా పేజీని మళ్ళీ లోడు చేయమనే గడి ఒకటి ఉంటుంది. దాన్ని నేను గమనించకుండా టిక్ చేసి ఉంచాను. విరామ సీన్ నుంచి ఆటకు తిరిగి రాగానే స్కోరు 0–0 అయి, గడియారం మొదటికి వచ్చింది. ఆ గడినీ, కనిపించనప్పుడు సోర్సును ఆపేసే గడినీ ఇప్పుడు ఖాళీగా ఉంచుతాను. పైగా ప్రతి మార్పునూ పేజీ తనంతట తానే దాచుకుంటుంది.

విజిల్ మోగినప్పుడు, పక్ పడినప్పుడు మీట నొక్కేది మనిషే. ఆపడంలోనూ నడపడంలోనూ ఒకే ఆలస్యం జరిగితే రెండూ చెల్లుకు చెల్లవుతాయి, కానీ ముఖాముఖికి (రిఫరీ పక్ వదిలి ఆట మొదలుపెట్టే ఘట్టానికి) అందరూ అప్రమత్తంగా ఉంటారు, విజిల్ మాత్రం ఎప్పుడు మోగుతుందో తెలియదు కాబట్టి మన గడియారం ఎప్పుడూ ఎక్కువే నడుస్తుంది. అందుకే ఒక సెకను కలపడానికి, తగ్గించడానికి రెండు మీటలు పెట్టుకుని, ఆట ఆగిన ప్రతిసారీ రింకు బోర్డుతో సరిచూస్తాను.

తప్పు చేసిన ఆటగాణ్ణి కాసేపు బయట కూర్చోబెట్టే పెనాల్టీల సంగతి మరింత శ్రద్ధ కోరుతుంది. చిన్న తప్పుకు పడే 2 నిమిషాల మైనర్‌కు వేరే గడియారం నడిపితే, అసలు గడియారాన్ని సరిచేసినప్పుడల్లా దాన్నీ సరిచేయాలి. దానికి బదులు అది ముగిసే ఆట సమయాన్నే దాచుకుంటే సరిపోతుంది: 12:40కి పడినది 10:40కి ముగుస్తుంది, 1:10కి పడినదానిలో 50 సెకన్లు తరువాతి పీరియడ్‌కు మిగులుతాయి. పవర్ ప్లేలో, అంటే ఒక జట్టులో ఆటగాడు తగ్గి ఉన్నప్పుడు, ఎదుటి జట్టు గోల్ చేస్తే మైనర్ అక్కడితో ఆగిపోతుంది, పెద్ద తప్పుకు పడే 5 నిమిషాల మేజర్ ఆగదు. అందుకే ఆ పనిని పేజీకి వదలకుండా చేత్తోనే చేస్తాను. ఆడేది పిల్లలు కనుక పెనాల్టీ దగ్గర జెర్సీ అంకె తప్ప పేరు ఎన్నడూ వేయను.

వీడియో క్యాప్చర్ కార్డు (కెమెరా చిత్రాన్ని కంప్యూటరులోకి తెచ్చే పరికరం) దాటి వచ్చేసరికి కాస్త ఆలస్యమవుతుంది, పట్టీ మాత్రం వెంటనే మారుతుంది. పక్ పడకముందే గడియారం కదిలితే చూసేవారికి తికమకగా ఉంటుంది. రెండర్ డిలే ఫిల్టరుతో పట్టీని 500 మిల్లీసెకన్ల వరకు ఆపవచ్చు, నాకు అది చాలింది. వైఫై కెమెరా వాడేవారు ఆలస్యాన్ని పేజీలోనే పెట్టుకోవలసి రావచ్చు.

గోల్‌పై కొట్టిన షాట్ల లెక్కను మాత్రం పట్టీలోంచి తీసేశాను. గడియారం చూసే మనిషే దాన్నీ చూస్తే రెండూ తప్పుతున్నాయి. వచ్చే సీజన్‌కు మరొకరు దొరికితే తిరిగి పెడతాను.