తొట్టి రకం రికార్డ్ వాషర్: చిటపట తగ్గిస్తుంది, గీతలు పోగొట్టదు

గ్రామఫోన్ రికార్డులు కడగడానికి మోటారు, వాక్యూమ్ ఏవీ లేని, చేత్తో తిప్పే తొట్టి ఇది. లోపల ఎదురెదురుగా రెండు బ్రష్షులు, రికార్డు జారడానికి రోలర్లు, అంతే. డిస్టిల్డ్ వాటర్ పోసి, దాంతో వచ్చిన లిక్విడ్ కాస్త కలిపి, రికార్డును నిలువుగా దించి అటు నాలుగు చుట్లు ఇటు నాలుగు చుట్లు తిప్పితే రెండు వైపులూ ఒకేసారి కడిగేస్తుంది. తొట్టి మీది కొలత గీత దాటి నీళ్లు పోయకపోతే రికార్డు మధ్యలోని లేబుల్ తడుస్తుందన్న టెన్షన్ కూడా లేదు.

పనిచేస్తుందా అంటే, బాగా పనిచేస్తుంది. కాసిని పాత రికార్డులు కడిగాక తొట్టి అడుగున చూడండి, బూడిద రంగు మడ్డి, నూగు, సన్నటి ఇసుక లాంటిది పేరుకుని ఉంటుంది. పొడి బ్రష్‌తో పైపై దుమ్ము పోతుంది కానీ, వేలిముద్రల జిడ్డుతో గాడి లోపల అతుక్కున్నది కదలదు, ముల్లు దాని మీదుగా వెళ్లిన ప్రతిసారీ టప్పుమంటుంది. పాట మొదలయ్యే ముందు వచ్చే ఖాళీ గాడుల్లో విన్నాను, కడగక ముందుకీ తర్వాతకీ తేడా స్పష్టంగా తెలుస్తోంది.

నాకు నచ్చనిది ఆరబెట్టే పద్ధతి. వాక్యూమ్ మెషీన్ అయితే మురికి నీళ్లను గాడిలోంచే లాగేస్తుంది, ఇక్కడ మాత్రం మిగిలిన తడిని గుడ్డతో అద్దుకోవాలి, గుడ్డకు అందని నీళ్లు ఆవిరైపోతే అందులోని మురికి, లిక్విడ్ గాడిలోనే ఉండిపోతాయి. అందుకే లిక్విడ్ కలపని డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి కడిగి, స్టాండులో నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. ఈ రెండో కడుగు మానేస్తే సగం లాభం పోయినట్టే. కుళాయి నీళ్లయితే అసలు వద్దు, అందులోని లవణాలే మళ్లీ చప్పుడు చేస్తాయి. ఆరాక పాత పేపర్ కవర్లో పెట్టకుండా కొత్త యాంటీస్టాటిక్ కవర్ వాడండి, వినైల్‌కి, అంటే రికార్డు ప్లాస్టిక్‌కి, స్టాటిక్ కరెంటు పట్టిందంటే దుమ్మును మళ్లీ లాక్కుంటుంది.

గీతల్ని మాత్రం ఏ వాషరూ పోగొట్టలేదు. 33⅓ స్పీడులో, అంటే నిమిషానికి 33⅓ చుట్లు తిరిగితే, ఒక చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది, కడిగాక కూడా టప్పుమనే చప్పుడు సరిగ్గా అదే లెక్కలో వరసగా వస్తోందంటే అది చాలావరకు గీతే, ఇక ఎన్నిసార్లు కడిగినా అంతే.

వాక్యూమ్ మెషీన్‌కి డబ్బు పెట్టే ముందు దీన్ని ధైర్యంగా కొనొచ్చు. మీ దగ్గర 78 స్పీడు లక్క రికార్డులు ఉంటే మాత్రం లిక్విడ్‌లో ఆల్కహాల్ ఉందేమో ముందు చూసుకోండి, అది లక్కను తినేస్తుంది.