కాంగ్రెస్ డాట్ గవ్: కొడుకు ఓడెక్కాక నేను పట్టుకున్న వెబ్‌సైటు

"కాంగ్రెస్ సైట్లో యుద్ధం బిల్లు చూస్తున్నా అత్తయ్యా" అంటే, తెనాలి నుంచి మా అత్తగారు "ఆ పార్టీకి ఇప్పుడు యుద్ధాలెక్కడివమ్మా" అన్నారు. పార్టీ కాదు, అమెరికా పార్లమెంటు. అక్కడ ఏ బిల్లు ఎంతవరకు వచ్చిందో చూపించే సర్కారీ వెబ్‌సైటు ఈ కాంగ్రెస్ డాట్ గవ్. నడిపేది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. పైసా ఖర్చు లేదు.

మా పెద్దాడు అమెరికా నేవీలో విమానాల మెకానిక్. వాడి ఓడ ఎర్ర సముద్రం వైపు వెళ్లిన దగ్గర్నుంచి మా ఫ్రిస్కో వాట్సాప్ గ్రూపులో రోజుకో పుకారు. "యుద్ధం ఆపమని కాంగ్రెస్ తీర్మానించేసింది, పిల్లలు వచ్చేస్తున్నారు" అని. నిజమేంటో తేల్చుకుందామనే ఈ సైటు తెరిచాను.

మొదటిరోజు తప్పు నాదే. యెమెన్ యుద్ధం నుంచి అమెరికా తప్పుకోవాలన్న తీర్మానం నంబరు ఎస్.జె.రెస్. 7 (సెనేట్‌లో పెట్టిన ఉమ్మడి తీర్మానం) అని ఎవరో చెబితే అదొక్కటే కొట్టాను. ఇక్కడ రెండేళ్లకో కొత్త కాంగ్రెస్, ప్రతిసారీ నంబర్లు ఒకటి నుంచి మొదలు. 116వ కాంగ్రెస్ అని ఎంచుకున్నాక గానీ 2019 నాటి అసలుది దొరకలేదు.

అందులో 'టెక్స్ట్' నొక్కి చదవండి. కాంగ్రెస్ అనుమతి లేకుండా యెమెన్‌లో జరుగుతున్న పోరు నుంచి 30 రోజుల్లో బలగాలను వెనక్కి తెమ్మని ఉంటుంది. వేరే దేశం విమానాలకు గాల్లో ఇంధనం నింపడాన్ని కూడా పోరు కిందే కట్టారు. మెకానిక్ తల్లిని కదా, ఆ లైను దగ్గర కాసేపు ఆగిపోయాను.

అసలు కథ 'యాక్షన్స్'లో, అంటే ఏ రోజు ఏం జరిగిందో చెప్పే చోట ఉంది. కాంగ్రెస్‌కి రెండు సభలు: సెనేట్, హౌస్. మార్చి 13న సెనేట్ 54–46తో సరేనంది. ఏప్రిల్ 4న హౌస్ 247–175తో సరేనంది. 16న ట్రంప్ వీటో. మే 2న సెనేట్‌లో మళ్లీ ఓటింగు: 53–45. ఆపమన్నవాళ్లే ఎక్కువ, అయినా ఓడిపోయింది, ఎందుకంటే వీటోని దాటాలంటే మూడింట రెండొంతులు రావాలి. 2020లో ఇరాన్‌తో పోరు వద్దన్న తీర్మానం కూడా ఇదే గడప దగ్గర 49–44తో ఆగింది.

మరి 1973 నాటి యుద్ధాధికారాల చట్టం ఉంది కదా అంటారు. అప్పటి అధ్యక్షుడు నిక్సన్ వీటోని కాదని చేసిందే అది. బలగాలను పోరులోకి దింపితే 48 గంటల్లో కాంగ్రెస్‌కి చెప్పాలి, అనుమతి రాకపోతే 60 రోజుల్లో ఆపాలి, వెనక్కి రావడానికి మహా అయితే ఇంకో 30. అధ్యక్షుడి సంతకం అక్కర్లేకుండా రెండు సభలూ కలిసి బలగాలను వెనక్కి పిలవచ్చనీ ఉంది. కానీ 1983లో, యుద్ధంతో సంబంధంలేని చధా కేసులో, సంతకం లేని అలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు అనేసరికి ఆ దారి దాదాపు మూసుకుపోయింది. ఇదంతా సైట్లోనే దొరికే సీఆర్ఎస్ (కాంగ్రెస్‌కి పరిశోధన చేసిపెట్టే విభాగం) నివేదికలు చదివి మా ఆయనకి చెబితే, "అంటే ఎవర్ని ఆపాలో ఆయనే సంతకం పెట్టాలా?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

చూడ్డానికి లాగిన్ అక్కర్లేదు గానీ ఈమెయిల్ అలర్టు కావాలంటే అకౌంటు తెరవాలి. తెరవండి, గ్రూపు ఫార్వర్డులకంటే నయం. మొన్న తెల్లారుజామున నా ఫోన్ మోగింది. మా ఆయన ఉలిక్కిపడి లేచి "ఏమైంది?" అన్నారు.

"కమిటీకి పంపారట" అన్నాను. మళ్లీ ముసుగు తన్నారు.