క్లీవ్‌లాండ్‌కి 23 తిరిగొచ్చిన రాత్రి

మన సంగీతప్రియులకి అమెరికాలో క్లీవ్‌లాండ్ అంటే త్యాగరాజ ఆరాధన. 1978 నుంచి ఏటా ఈస్టర్ రోజుల్లో జరుగుతోంది. మేమూ కొలంబస్ నుంచి రెండుసార్లు వెళ్ళొచ్చాం. ఈసారి మాత్రం కీర్తనల కోసం కాదు. 2014 అక్టోబరు 30, గురువారం రాత్రి బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ మళ్ళీ ఊరి జట్టు కావలీర్స్ 23 నంబరు జెర్సీతో సొంత కోర్టులో దిగాడు. మా కొలంబస్‌లో పిల్లలు హాలోవీన్ చాక్లెట్లకి ఇల్లిల్లూ తిరగాల్సిందీ ఆ రాత్రే. "చాక్లెట్లా, మ్యాచా?" అని అడిగితే మా పదేళ్ళవాడు నా వంక జాలిగా చూశాడు.

బాస్కెట్‌బాల్ పట్టనివాళ్ళకి నాలుగు ముక్కలు. లెబ్రాన్ పుట్టింది పక్కనే ఉన్న యాక్రన్‌లో. 2003లో కావలీర్స్‌లో చేరి, 2010లో టీవీలో ప్రత్యేక కార్యక్రమం పెట్టి మరీ మయామీ జట్టుకి వెళ్తున్నానని చెప్పాడు. ఇక్కడ జనం అతని జెర్సీలు వీధుల్లో తగలబెట్టారు. అక్కడ రెండు కప్పులు గెలిచాక, 2014 జులై 11న ఇంటికొస్తున్నానంటూ పత్రికలో వ్యాసం రాశాడు. 1964లో ఇక్కడి జట్టు బ్రౌన్స్ అమెరికన్ ఫుట్‌బాల్ కప్పు గెలిచాక అప్పటిదాకా ఈ ఊరికి పెద్ద లీగుల్లో మరో కప్పు రాలేదు. యాభై ఏళ్ళు! అందుకే పాత కోపాలన్నీ ఎటు పోయాయో ఎవరికీ గుర్తులేదు.

కొలంబస్ నుంచి ఐ-71 హైవే మీద రెండుంపావు గంటల దారి. కారు డౌన్‌టౌన్‌లోకి తీసుకెళ్ళకండి. మ్యాచ్ రాత్రి పార్కింగ్ వాళ్ళు ఎంత చెబితే అంత. హైవే పక్కనే ఉన్న ప్యూరిటాస్ స్టేషన్‌లో ఉచితంగా కారు పెట్టేసి రెడ్ లైన్ రైలెక్కాం. అప్పట్లో మనిషికి రెండుంపావు డాలర్లు. టవర్ సిటీ స్టేషన్‌లో దిగితే ఆట జరిగే అరీనా దాకా లోపలి నుంచే నడవా ఉంది, సరస్సు గాలి తగలకుండా పోవచ్చు. ఈ ప్రయాణంలో ఖర్చుకి తగిన ఫలితం దక్కింది ఒక్క ఈ రైలుకే.

నడవా వదిలి కాసేపు బయట తిరగడం మంచిదైంది. అరీనా ఎదుటి భవనం మీద పది అంతస్తుల ఎత్తు బ్యానర్. లెబ్రాన్ వీపు మనవైపు, చేతులు రెండూ చాచి. జెర్సీ మీద పేరు ఉండాల్సిన చోట 'క్లీవ్‌లాండ్' అని ఊరి పేరు. 2010లో అతను వెళ్ళిపోగానే పాత బ్యానర్ పీకేసింది ఈ గోడ మీదనుంచే. జనం దానికేసి తిరిగి అలాగే చేతులు చాచి ఫోటోలు దిగుతున్నారు. మేమూ దిగాం.

టికెట్లకి ఎంత పెట్టానో ఇంట్లో ఇంకా పూర్తిగా చెప్పలేదు. కూర్చుంది పైన, 'లౌడ్‌విల్' అనే చోట. ఆటగాళ్ళు అగ్గిపుల్లల్లా కనిపిస్తారు గానీ మోత మాత్రం అసలుసిసలు. నా పక్కన కూర్చున్న పెద్దాయన 23 జెర్సీకి నిలువునా అడ్డంగా మడతల గీతలు. "కాల్చేద్దామని గరాజ్‌లోకి తీసుకెళ్తే మా ఆవిడ లాక్కుని పెట్టెలో దాచేసింది" అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత మొన్ననే తీశాడట. మయామీలో 6 వేసుకున్నవాడు ఇక్కడికొచ్చి మళ్ళీ 23కే మారడంతో ఆ పెట్టెకి పుణ్యం దక్కింది. ఆట మొదలయ్యే ముందు లెబ్రాన్ అరచేతుల్లో పొడి పోసుకుని పైకి ఎగరేయగానే పెద్దాయన ఏమీ అరవలేదు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, అంతే.

ఆట సంగతి వదిలేయండి. న్యూయార్క్ నిక్స్ 95-90తో గెలిచింది. లెబ్రాన్ 15 షాట్లలో 5 వేశాడు, బంతి 8 సార్లు పోగొట్టాడు. ఒక్క ఆటే చూడాలనుకుంటే మొదటి రాత్రికి రానక్కర్లేకపోయింది. ఆ సీజన్‌లో మామూలు బుధవారం వస్తే డబ్బులు మిగిలేవి, ఆ మనిషే ఆడేవాడు. ఊరిని చూడాలంటే మాత్రం ఆ రాత్రే రావాల్సింది.

బస శివారు ఊరు ఇండిపెండెన్స్‌లో. హోటల్ పేరెందుకు గానీ, మ్యాచ్ రోజని మామూలు ధరకి రెట్టింపు గుంజారు. అర్ధరాత్రి చేరితే తాళం కార్డు పనిచేయలేదు. మర్నాడు ఎనిమిదిన్నరకే టిఫిన్ల బల్ల ఊడ్చేశారు, మిగిలింది రెండు అరటిపళ్ళు.

ఆ ఆకలి వెస్ట్ సైడ్ మార్కెట్‌లో తీరింది. గడియారం గోపురంతో ఉన్న ఈ ఇటుకల భవనం 1912 నాటిది. మాంసం అంగళ్ళే ఎక్కువైనా, వేడి ఫలాఫెల్ తిన్నాక మా ఆవిడ మొహం తేటపడింది. దారిలో పార్మా శివవిష్ణు ఆలయంలో పది నిమిషాలు ఆగి యాక్రన్ బయల్దేరాం.

యాక్రన్‌లో లెబ్రాన్ చదివిన సెయింట్ విన్సెంట్-సెయింట్ మేరీ బడిని బయటినుంచే చూశాం. క్లాసుల వేళ లోపలికి పోవడం పద్ధతి కాదు. అసలు సరదా స్వెన్సన్స్‌లో. 1934 నాటి డ్రైవ్-ఇన్. కారు ఆపి హెడ్‌లైట్లు వేస్తే కుర్రాళ్ళు పరిగెత్తుకుంటూ వస్తారు, నడిచి కాదు. ట్రే తెచ్చి కిటికీకి తగిలిస్తారు. వాళ్ళ పేరుపొందిన బర్గర్ గొడ్డుమాంసంది కాబట్టి మేం ఉల్లిపాయ రింగులు, మిల్క్ షేక్‌లతో సరిపెట్టుకున్నాం. రింగులు రెండోసారి కూడా తెప్పించాం.

శనివారం పొద్దున గరాజ్‌లోంచి మా ఆవిడ కేక. సంక్రాంతికని దాచిన ముగ్గుపిండి డబ్బా ఖాళీ, కారు మీదంతా తెల్లటి పొర. మధ్యలో మావాడు చేతులు చాచి నిలబడి ఉన్నాడు, వీపు మావైపు తిప్పి.