ఉచిత గ్రాఫ్ సాఫ్ట్‌వేర్ ఒక్క రూపాయి అడిగితే ఆగండి: తల్లిదండ్రులకు హెచ్చరిక

పిల్లల స్కూలు ప్రాజెక్టు కోసం గ్రాఫులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ వెతుకుతున్న తల్లిదండ్రులు డౌన్‌లోడ్ బటన్ నొక్కే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. ఈ వ్యవహారంలో గత నెల మా ఖాతా నుంచి 1,499 రూపాయలు పోయాయి. అంతకంటే బాధ కలిగించిన విషయం ఏమిటంటే, మా అమ్మాయి కంప్యూటర్‌లో చేసిన పని మొత్తం మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి సైన్స్ ఫెయిర్ కోసం లోలకాన్ని ఎంచుకుంది. దారానికి ఇనుప నట్టు కట్టి, కిటికీ చువ్వకు వేలాడదీసి, దారం పొడవు 20, 30, 40, 60, 100 సెంటీమీటర్లుగా మారుస్తూ పది డోలనాలకు ఎన్ని సెకన్లు పడుతుందో ఒక్కో పొడవుకు మూడేసి సార్లు కొలిచి నోటుపుస్తకంలో రాసుకుంది. గ్రాఫు కంప్యూటర్‌లో గీయాలని టీచరుగారు చెప్పడంతో నేనే గూగుల్‌లో వెతికి, అన్నింటికంటే పైన కనిపించిన దాన్ని దించాను. ఆ ఫలితం దగ్గర అది ప్రకటన అని చిన్న అక్షరాల్లో రాసి ఉన్న సంగతి అప్పుడు గమనించలేదు.

గీయడం వరకు అంతా ఉచితమే. సేవ్ చేయబోయేసరికి గ్రాఫు మీద అడ్డంగా కంపెనీ పేరు పడింది. అది తొలగాలంటే ఒక్క రూపాయి కట్టి ఏడు రోజుల ట్రయల్ తీసుకోవాలన్నారు. తెల్లారితే ప్రాజెక్టు ఇవ్వాలి, అమ్మాయి పక్కనే నిలబడి ఉంది, రూపాయే కదా అని యూపీఐ పిన్ కొట్టాను. నేను అనుమతి ఇచ్చింది ఆ ఒక్క రూపాయికే కాదు, ట్రయల్ ముగిశాక పిన్ అడగకుండానే ఖాతా నుంచి డబ్బు కోసుకునే ఆటోపేకు కూడా. పని అయిపోయిందని రెండు రోజుల్లోనే సాఫ్ట్‌వేర్‌ను తీసేశాను గానీ, కంప్యూటర్ నుంచి తీసేసినంత మాత్రాన ఆటోపే రద్దు కాదని ఎనిమిదో రోజు డబ్బు కోసుకున్నాకే తెలిసింది. డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు తెలియజేయాలనేది రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ మెసేజ్ వచ్చింది కూడా. ప్రకటనల మెసేజ్‌ల మధ్య నేను చూసుకోలేదు.

ఇంతలో టీచరుగారు గ్రాఫును వెనక్కి పంపారు. లోలకం పొడవుకు ఎదురుగా డోలనావర్తన కాలపు (ఒక డోలనానికి పట్టే సమయం) వర్గాన్ని గీస్తే సరళరేఖ రావాలి, మాకేమో పైకి వంగిన గీత వచ్చింది. కారణం చూస్తే, ఆ సాఫ్ట్‌వేర్ పొడవులను అంకెలుగా కాక పేర్లుగా తీసుకుని, 20కీ 30కీ మధ్య ఎంత దూరం ఉంచిందో 60కీ 100కీ మధ్య కూడా అంతే ఉంచింది. లైన్ చార్ట్ ఎంచుకుంటే చాలా సాఫ్ట్‌వేర్లలో ఇదే జరుగుతుంది. కానీ ఇందులో దాన్ని మార్చుకునే వీలు డబ్బు కట్టినవారికే ఉంది. పాత ఫైలు తెరిచి అంకెలు తీసుకుందామంటే అది వారి సొంత ఫార్మాట్, మరెక్కడా తెరుచుకోదు. నోటుపుస్తకం దాచి ఉంచింది కాబట్టి సరిపోయింది.

రెండోసారి అంకెల పట్టికలు వేసి గ్రాఫులు గీసే లిబ్రెఆఫీస్ కాల్క్ వాడాం. ఇది 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. యాప్ స్టోర్లలో రుసుము అడిగినా, సొంత వెబ్‌సైటు నుంచి దించుకుంటే పైసా కట్టక్కర్లేదు. అందులో చార్ట్ రకంగా, పొడవులను అంకెలుగానే తీసుకునే 'ఎక్స్‌వై స్కాటర్' ఎంచుకుని, చుక్కల మీద కుడి క్లిక్ చేసి ట్రెండ్ లైన్ (చుక్కలకు దగ్గరగా పోయే సరళరేఖ), దాని సమీకరణం కనిపించేలా పెట్టాం. పొడవును మీటర్లలోకి మార్చి గీస్తే వాలు 4.06 వచ్చింది, లోలకం సూత్రం ప్రకారం 4π² విలువ అయిన 39.48ని ఆ వాలుతో భాగిస్తే గురుత్వ త్వరణం రావాలి, మాకు 9.72 వచ్చింది. గురుత్వ త్వరణం 9.8కి అంత దగ్గరగా వచ్చేసరికి మా అమ్మాయి ముఖం వెలిగిపోయింది. పాత సాఫ్ట్‌వేర్‌లో డబ్బాలుగా పడిన తెలుగు శీర్షిక కూడా ఇందులో చక్కగా వచ్చింది.

గణిత ప్రమేయాల గ్రాఫులకైతే జియోజీబ్రా, డెస్మాస్ మేలు. రెండూ ఫోన్‌లో కూడా పనిచేస్తాయి. జియోజీబ్రాను 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టారు, వ్యాపారేతర వాడకానికి అది ఉచితం. ఏది ఎంచుకున్నా, పిల్లలు అంకెలన్నీ ఎక్కించక ముందే రెండు అంకెలతో ఒక గ్రాఫు గీసి, సేవ్ చేసి, కంపెనీ పేరు పడుతోందో లేదో, అంకెలు మరో సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకునే సీఎస్‌వీ ఫైలుగా బయటకు వస్తున్నాయో లేదో చూడండి.

ఇప్పటికే ఇలా రూపాయి కట్టి ఉంటే, మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి ఆ అనుమతిని ఈ రోజే రద్దు చేయండి. ఇలాంటి చందా ఉచ్చును (సబ్‌స్క్రిప్షన్ ట్రాప్) కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన 13 మోసపూరిత పద్ధతుల్లో ఒకటిగా చేర్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, ఆ రూపాయి చెల్లింపు స్క్రీన్‌షాట్‌తో సహా ఫిర్యాదు నమోదు చేశాను. మా డబ్బు ఇంకా తిరిగి రాలేదు. రెండో నెల కోత మాత్రం ఆగింది.