రొయ్యల చెరువు గట్టు మీద సీఎం4: ఈఎమ్ఎమ్‌సీతో నా పేచీ

ముందే చెప్పేస్తున్నా, కంప్యూట్ మాడ్యూల్ 4 (సీఎం4, రాస్‌బెర్రీ పై వాళ్ల చిన్న కంప్యూటర్ బోర్డు) మంచి బోర్డే. నా పేచీ అంతా దాని మీద టంకం వేసి వచ్చే స్టోరేజీ చిప్, అంటే ఈఎమ్ఎమ్‌సీలోకి ఓఎస్ ఎక్కించే తంతుతోనే. ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

ఆకివీడు దగ్గర మా బావ వాళ్ల వనామీ చెరువుల మీద ఇది పనిచేస్తోంది. నీళ్లలో ఆక్సిజన్ చూసుకుంటుంది, తగ్గితే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పుతుంది, బావ ఫోనుకి మెసేజ్ పంపుతుంది. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ రొయ్య పైకి తేలిందంటే పెట్టిన మేత డబ్బులు కూడా నీళ్లపాలే. అందుకని ఈ పెట్టె పగలు నాలుగుసార్లు ఆగినా ఊరుకుంటాం గానీ రాత్రి ఆగకూడదు.

సీఎం4కి ముందు మామూలు రాస్‌బెర్రీ పై ఉండేది, ఎస్‌డీ కార్డుతో. ఉప్పు గాలికీ చెమ్మకీ కార్డు వెనక పసుపు పట్టీలు నల్లబడేవి. తీసి రబ్బరుతో రుద్ది పెడితే మళ్లీ లేచేది. ఈఎమ్ఎమ్‌సీకి స్లాటే లేదు, నల్లబడటానికి ఏమీ లేదు. మార్చిన తర్వాత ఆ బాధ నిజంగానే పోయింది. ‘ఇంక దీన్ని తెరిచే పని లేదు బావా’ అని కాస్త గొప్పగానే అన్నాను.

ఇంట్లో టేబుల్ మీద మొదటిసారి ఎక్కించినప్పుడు అంతా సాఫీగానే అయింది. మాడ్యూల్‌ని బిగించే ఐఓ బోర్డు మీద జే2 అనే చోట జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే బుల్లి తొడుగు) పెడితే ఈఎమ్ఎమ్‌సీ నుంచి బూట్ అవ్వదు. మైక్రో యూఎస్‌బీ కేబుల్ ల్యాప్‌టాప్‌కి పెట్టి, అందులో ఆర్‌పీఐబూట్ అనే ప్రోగ్రాం నడిపి, బోర్డుకి కరెంటు ఇస్తే ఈఎమ్ఎమ్‌సీ పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. ఆపై ఓఎస్ రాసే ఇమేజర్ ప్రోగ్రాంతో మామూలుగా రాసుకోవడమే. అయ్యాక జంపర్ తీసేయాలి, అది ఉన్నంతసేపూ బోర్డు ల్యాప్‌టాప్ కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

అసలు కథ వాయుగుండం రోజుల్లో జరిగింది. రాత్రంతా కరెంటు వస్తూ పోతూ ఉంది, పెట్టెలో పెట్టిన 12 వోల్టుల బ్యాటరీ కూడా దిగిపోయింది. పొద్దున్నే చెరువు కాడ ఉండే కుర్రాడు ఫోన్ చేశాడు: ‘అన్నయ్యగారండీ, పెట్టిలో ఎర్ర లైటొక్కటే ఎలుగుతుందండీ, పచ్చది కొట్టుకోట్లేదండీ.’ అంటే కరెంటు ఉంది, ఓఎస్ లేవలేదన్నమాట. ఏరియేటర్లు స్టార్టర్ దగ్గర చేత్తోనే వేసేశాడు కాబట్టి పంటకేమీ కాలేదు. (ఎంత ఆటోమేటిక్ పెట్టినా చేత్తో వేసే స్విచ్ తీయించకండి.)

ఎస్‌డీ కార్డు రోజుల్లో అయితే ఆ ఫోనే వచ్చేది కాదు. సిద్ధం చేసిన కార్డొకటి మూత డబ్బాలో పెట్టి వాడికిచ్చి ఉంచేవాణ్ని. పాతది లాగి కొత్తది దూర్చి, ‘లేచిందండీ’ అని మెసేజ్ పెట్టేవాడు. వాడికి లైనక్స్ అంటే ఏంటో తెలీదు, కార్డు మార్చడం తెలుసు, అంతకంటే అక్కర్లేదు కూడా. ఇప్పుడు నేనే భీమవరం నుంచి ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని వానలో బయల్దేరాలి. కడుపు మండేదేమిటంటే, ఐఓ బోర్డు మీద కార్డు స్లాట్ కళ్లెదురుగా ఉంటుంది. కానీ ఈఎమ్ఎమ్‌సీ ఉన్న మాడ్యూల్ పెడితే ఆ స్లాట్ పనిచేయదు. అది ఈఎమ్ఎమ్‌సీ లేని ‘లైట్’ (Lite) రకం మాడ్యూల్‌కే.

గట్టు మీద షెడ్డులో మేత బస్తా మీద ల్యాప్‌టాప్ పెట్టి, జంపర్ తగిలించి, ఆర్‌పీఐబూట్ నడిపాను. ‘వెయిటింగ్ ఫర్...’ అన్న లైను దగ్గర ఆగిపోయింది. కదలదు. డేటా కేబుల్ అని అట్ట మీద రాసి మరీ అమ్మిన కేబులది, లోపల చార్జింగ్ తీగలు తప్ప ఏమీ లేవు. ఇంకోటి తెద్దామంటే ఈ రోజుల్లో ఎవరి దగ్గర చూసినా టైప్-సీయే. కుర్రాడి పాత కీప్యాడ్ ఫోను చార్జర్ తీగ తెచ్చాం, అదీ చార్జింగుదే. చివరికి మేత కొట్టులో బిల్లులు కొట్టే బుల్లి ప్రింటర్ కేబుల్ బతిమాలి తెచ్చుకున్నాం. ఆ కేబుల్ తగిలించగానే డ్రైవ్ పైకొచ్చింది. ఇప్పుడు మైక్రో యూఎస్‌బీ డేటా కేబుల్ ఒకటి పెట్టె మూతకే టేపు వేసి అంటించి ఉంచాను.

ఇక్కడే ఒక మంచి మాట కూడా చెప్పాలి. మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించాలేమో అనుకుంటూ వెళ్లాను, ఆ అవసరమే రాలేదు. డ్రైవ్‌లా కనిపిస్తోంది కాబట్టి ముందు ఆక్సిజన్ రీడింగులన్నీ ల్యాప్‌టాప్‌లోకి లాగేశాను. తర్వాత ఓఎస్ ఉండే రెండో పార్టిషన్ మీద ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్ తప్పులు వెతికే కమాండ్) నడిపితే తప్పులు సరిచేసుకుంది. జంపర్ తీసి కరెంటు ఇచ్చాను, పచ్చ లైటు కొట్టుకుంది. ఈఎమ్ఎమ్‌సీ చిప్ నిక్షేపంలా ఉంది, పాడైంది ఫైల్ సిస్టమే. చెమ్మకి తట్టుకున్నట్టు రాస్తూ ఉండగా కరెంటు పోతే ఈఎమ్ఎమ్‌సీ మీది ఫైల్ సిస్టమ్ తట్టుకుంటుందన్న నమ్మకం లేదు. బావతో కొట్టిన గొప్పలో ఆ ముక్క కలపాల్సింది.

ఆ తర్వాత రెండు మార్పులు చేశాను. ఒకటి, ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేశాను. రాతలన్నీ ర్యామ్‌లోకే పోతాయి, రీడింగులు ఎప్పటికప్పుడు నెట్ మీద బయటికి వెళ్లిపోతాయి. రెండోది, బూట్ ఆర్డర్, అంటే ఓఎస్‌ని ముందు ఎక్కడ వెతకాలో చెప్పే అంకెల వరస. బోర్డుకి కరెంటు రాగానే ముందుగా నడిచే బూట్‌లోడర్ ఆ అంకెలని కుడి నుంచి ఎడమకి చదువుతుంది. ఐఓ బోర్డు మీది యూఎస్‌బీకి 5, ఈఎమ్ఎమ్‌సీకి 1. కుడి చివర 5, దానికి ఎడమ పక్కన 1 పెడితే, పెన్‌డ్రైవ్ ఉన్నప్పుడు దాన్నుంచీ లేకపోతే ఈఎమ్ఎమ్‌సీ నుంచీ లేస్తుంది. ఈ సెట్టింగ్ మార్చడానికి కూడా మళ్లీ అదే జంపర్, అదే కేబుల్. పైగా లేచినప్పుడల్లా పెన్‌డ్రైవ్ కోసం కాసేపు వెతుక్కుని గానీ ముందుకి పోదు. పోనీలెండి, కుర్రాడి మూత డబ్బాలో ఇప్పుడు కార్డు బదులు పెన్‌డ్రైవ్ ఉంది.

అప్పట్నుంచి ఆగలేదు. అది ఈఎమ్ఎమ్‌సీ గొప్పా, ఓవర్‌లే గొప్పా అంటే నేను విడదీసి చెప్పలేను. ల్యాప్‌టాప్ తెలిసిన మనిషి దగ్గర్లో ఉండే చోటైతే ఈఎమ్ఎమ్‌సీ మాడ్యూలే తీసుకోండి, చెమ్మ ఉన్న చోట మరీనూ. మా సంగతి వేరు. బావ అవతలి చెరువులకి ఇంకో పెట్టె కట్టమంటున్నాడు, నేనేమో ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లాల్సి రావచ్చు. వెళ్లేట్టయితే దానికి లైట్ మాడ్యూలూ ఎస్‌డీ కార్డే, పెట్టెలో సిలికా జెల్ సంచులు నెలనెలా మార్పించైనా సరే.