గోల్గీ-కాక్స్ కిట్: ఒత్తిడి పడ్డ మెదడు కణాన్ని కంటితో చూడాలనుకునే ల్యాబులకు

ఎలుకల మీద ఒత్తిడి ప్రయోగాలు చేసే ల్యాబ్ ఎవరిదైనా సరే, నన్నడిగితే మెదడు కణాలకు రంగు పట్టించే రెడీమేడ్ గోల్గీ-కాక్స్ కిట్ కొనమనే చెబుతాను. ధర ఎక్కువే. దిగుమతి సరుకు కాబట్టి ఆర్డర్ పెట్టాక ఎదురుచూపులు తప్పవు. అయినా కొనండి. హైదరాబాద్‌లోని మా ల్యాబ్‌లో స్లైడ్ల పనంతా నా చేతి మీదుగానే జరుగుతుంది. పీహెచ్‌డీ పిల్లలు వస్తారు, థీసిస్ ఇచ్చి వెళ్లిపోతారు. మెదడుకు రంగు పట్టించడం, కోయడం, ఆరబెట్టడం నా వంతు. ద్రావణం సొంతంగా కలుపుకుని చాలా ఏళ్లు చేశాను. ఇప్పుడు కిట్‌తో చేస్తున్నాను.

ఈ పద్ధతికి మూలం ఇటలీ శాస్త్రవేత్త కామిల్లో గోల్గీ 1873లో బయటపెట్టిన వెండి లవణాల రంగు. తర్వాత కాక్స్ అనే ఆయన వెండి బదులు పాదరసం లవణం వాడాడు. మెదడు ముక్కలో ఉన్న కణాలన్నిటికీ ఈ రంగు పట్టదు. నూటికి ఏ కొన్నిటికో పడుతుంది, పట్టినవాటికి మాత్రం చివరి కొస దాకా నల్లగా పడుతుంది. అన్నిటికీ పట్టేస్తే స్లైడ్ మీద నల్లటి మరక తప్ప ఏమీ కనిపించదు. బాగా పట్టిన న్యూరాన్‌ని, అంటే మెదడు కణాన్ని, ఆయిల్ లెన్స్ కింద పెడితే, దాని కొమ్మలైన డెండ్రైట్ల మీద తుమ్మ కొమ్మకు ముళ్లున్నట్టు స్పైన్లు కనిపిస్తాయి. పక్క న్యూరాన్ల నుంచి ఉత్తేజపరిచే సంకేతాలు ఎక్కువగా అందేది ఆ స్పైన్ల దగ్గరే. అందుకే ఒత్తిడి మీద పనిచేసేవాళ్లు వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెడతారు.

ఆ లెక్క ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే బెంగళూరులో జరిగిన పని గురించి చెప్పాలి. అక్కడి నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ (ఎన్‌సీబీఎస్)లో సుమంత్ర చటర్జీ బృందం 2002లో ఒక పేపర్ వేసింది. ఎలుకల్ని రోజుకు 2 గంటల చొప్పున 10 రోజులు కదలనివ్వకుండా ఉంచారు. తర్వాత చూస్తే జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో, సీఏ3 అనే భాగంలో, డెండ్రైట్లు కుంచించుకుపోయాయి. భయానికి కేంద్రమైన అమిగ్డాలాలో మాత్రం కొమ్మలు ఇంకా విస్తరించాయి. అదే జంతువు, అదే ఒత్తిడి. మెదడులో రెండు చోట్ల రెండు వ్యతిరేక ఫలితాలు. 2004లో అదే బృందం ఇంకో సంగతి చూపించింది. ఒత్తిడి ఆపేసి 21 రోజులు విశ్రాంతి ఇచ్చినా అమిగ్డాలాలో పెరిగిన కొమ్మలు తగ్గలేదు, ఎలుకలో ఆందోళన కూడా తగ్గలేదు.

నన్ను బాగా కదిలించింది మాత్రం 2005 నాటి పేపర్. ఈసారి ఎలుకల్ని ఒక్కసారే, 2 గంటలే సంచిలో కట్టడి చేశారు. మర్నాడు చూస్తే అమిగ్డాలాలో స్పైన్ల లెక్కలో తేడా లేదు. 10 రోజుల తర్వాత చూస్తే పెరిగి ఉన్నాయి. ఆందోళన కూడా ఆ మధ్య రోజుల్లోనే మెల్లగా పైకొచ్చింది.

మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబర్ ఉప్పెన తర్వాత మొదటి రోజుల్లో ఆవిడ గట్టిగా నిలబడి అందరికీ వండి పెట్టిందట. గాలి హోరు వింటే వణుకు, రాత్రిళ్లు నిద్ర లేకపోవడం ఆ తర్వాత ఎప్పుడో మొదలైందని మా అమ్మ చెప్పేది. అంతా సర్దుకున్నాక ఈ భయమేమిటని ఇంట్లోవాళ్లు విసుక్కున్నారట. ఎలుక మనిషి కాదు, ప్లాస్టిక్ సంచిలో 2 గంటలు ఉప్పెనకు సమానం కాదు. కానీ దెబ్బ తగిలిన చాలా రోజులకు కణంలో మార్పు బయటపడొచ్చని స్లైడ్ మీద చూసినవాళ్లెవరూ అలాంటి మనిషిని విసుక్కోలేరు.

ఇక కిట్ సంగతి. పెట్టెలో ఐదు రకాల ద్రావణాలు వస్తాయి. మొదటి రెండూ ముందురోజే సమంగా కలిపి పెట్టుకోవాలి. మెదడు తీసిన వెంటనే అందులో వేసి, మర్నాడు ద్రావణం మార్చి, రెండు వారాలు చీకట్లో ఉంచాలి. తర్వాత మూడో ద్రావణంలో కొన్ని రోజులు. అప్పుడు 100 నుంచి 200 మైక్రాన్ల మందంలో కోసి, జెలటిన్ పూసిన స్లైడ్ల మీదకి ఎత్తాలి. మిగతా రెండు ద్రావణాలూ చివర్లో రంగు తేల్చడానికి. ఇనుము, స్టీలు వస్తువేదీ మొదటి ద్రావణానికి తగలకూడదు. గాజు కడ్డీ, ప్లాస్టిక్ చెంచా వాడాలి. సూచనల కాగితం చక్కగా ఉంది, ఒక్క అడుగు కూడా ఊహకు వదిలేయలేదు.

సొంత ద్రావణం చవక. పొటాషియం డైక్రోమేట్, పొటాషియం క్రోమేట్, మెర్క్యురిక్ క్లోరైడ్, మూడూ 5 శాతం ద్రావణాలుగా చేసుకుని కలుపుకుంటే సరిపోతుంది. చిక్కంతా ఆ కలపడం దగ్గరే. పాదరసం లవణం పొడిని తూకం వేయడమంటేనే నాకు టెన్షన్. పైగా ఒక బ్యాచ్ అద్భుతంగా వస్తుంది, ఇంకో బ్యాచ్‌లో స్లైడంతా నల్లటి రవ్వలు పరుచుకుంటాయి. ఒత్తిడి పెట్టని కంట్రోల్ ఎలుకలు ఒక బ్యాచ్‌లో, ఒత్తిడి పెట్టిన ఎలుకలు ఇంకో బ్యాచ్‌లో పడ్డాయంటే, కనిపించే తేడా ఒత్తిడి వల్లా రంగు వల్లా అన్నది తేల్చలేం. కిట్‌లో ఈ హెచ్చుతగ్గులు చాలా తక్కువ.

డబ్బు పెట్టమని నేను పట్టుబట్టేది అందుకే. రంగు సరిగ్గా పట్టని మెదడు వెనక ఒక ప్రాణం ఉంది. ఆ ఎలుక 2 గంటలు కదల్లేక పెనుగులాడింది, 10 రోజులు బతికింది, ఆ తర్వాత మనం చంపాం. దాని స్లైడ్ చెత్తబుట్టలో పడితే అది పడ్డ బాధకు అర్థం లేదు. ఎథిక్స్ కమిటీ ఎన్ని జంతువులకు అనుమతి ఇచ్చిందో అన్నిటితోనే జవాబు రావాలి, మళ్లీ ఇంకొన్ని కావాలని అడిగే పరిస్థితి రాకూడదు. బడ్జెట్ మీటింగుల్లో కిట్ ధర చూసి ముఖం చిట్లించేవాళ్లు జంతువుల ఖర్చు, పిల్లల నెలల శ్రమ కూడా లెక్కలో వేసుకోవాలి.

లోపాలు లేకపోలేదు. మందం ముక్కలు ఆరేటప్పుడు చిట్లుతాయి, ముఖ్యంగా మన ఎండాకాలంలో. మేం ఏసీ గదిలో, వెలుతురు తగలకుండా మూతపెట్టి మెల్లగా ఆరబెడతాం. వర్షాకాలంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం, తేమకు స్లైడ్ నుంచి ముక్క లేచి వస్తుంది. జెలటిన్ పూత పల్చగా ఉన్న స్లైడ్లు కొనకండి, వీలైతే మీరే పూసుకోండి. సరఫరాదారు ఒకరు మాకు గడువు దగ్గరపడ్డ కిట్ పంపారు, మార్చడానికి చాలా సతాయించారు. పెట్టె విప్పే ముందు తేదీ చూసి ఫొటో తీసుకోవడం ఇప్పుడు మా అలవాటు.

వాడేసిన ద్రావణంలో పాదరసం ఉంటుంది, సింకులో పోయకూడదు. సీసాకి లేబుల్ వేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లే అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. ఈ ఏర్పాటు లేని ల్యాబ్ ఈ కిట్ కొనకపోవడమే మంచిది.

ఈ కిట్ జవాబివ్వలేని ప్రశ్నలూ ఉన్నాయి. గోల్గీ రంగు ఏ న్యూరాన్‌ని పట్టుకుంటుందో మన చేతిలో లేదు, కాబట్టి భయం నేర్చుకున్నప్పుడు పనిచేసిన కణాలు ఫలానావి అని దీంతో విడదీయలేం. ఒకే కణాన్ని ఒత్తిడికి ముందూ తర్వాతా చూడటం కూడా కుదరదు, ఎందుకంటే చూసేది చనిపోయిన జంతువు మెదడు. దానికి బతికున్న ఎలుకలో టూ-ఫోటాన్ మైక్రోస్కోప్‌తో చూడాలి, ఆ ఖర్చు, ఆ నైపుణ్యం వేరే. అయితే "ఫలానా ఒత్తిడి తర్వాత, ఫలానా రోజుకి, ఈ భాగంలో స్పైన్లు పెరిగాయా తగ్గాయా?" అని అడిగేవాళ్లకి ఇది చాలు. ఏ రోజున మెదడు తీయాలన్నది మాత్రం ముందే బాగా ఆలోచించుకోండి. 2005 పేపర్‌లో మర్నాడే చూసి ఆగిపోయి ఉంటే ఒక్కసారి ఒత్తిడితో అమిగ్డాలాకు ఏమీ కాదని రాసేవాళ్లు.

లెక్కపెట్టడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేకపోయినా పర్వాలేదు. ఉచితంగా దొరికే ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్‌లో కొమ్మల విస్తారం కొలిచే షోల్ విశ్లేషణ చేసుకోవచ్చు. స్పైన్లు లెక్కపెట్టే పిల్లలకి మాత్రం ఏ స్లైడ్ ఏ గుంపుదో చెప్పకండి. మా దగ్గర కోడ్ నంబర్లు నేనే వేస్తాను, ఆ కాగితం లెక్క పూర్తయ్యేదాకా నా బీరువాలోనే ఉంటుంది.

ఆర్డర్ పెట్టేవాళ్లు ప్రయోగం మొదలుపెట్టే తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుని పెట్టండి. కిట్ చేతికొచ్చాకే ఎలుకల్ని ముట్టుకోండి.