బోదకాలుకు "ఫ్లేవనాయిడ్ క్యాప్సూల్ + మసాజ్" ప్యాకేజీ: కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి దిక్కున్న వాళ్లందరికీ ఈ హెచ్చరిక. కాళ్ల వాపున్న ఇండ్లు కనుక్కొని మరీ వచ్చి ఒక ప్యాకేజీ అంటగడుతున్నారు. మూడు నెలలకు సరిపోయే ఫ్లేవనాయిడ్ (మొక్కల్లో దొరికే ఒక రకం పదార్థం) క్యాప్సూళ్లు, ఒక నూనె సీసా, ఇంటికొచ్చి చేసే "లింఫ్ డ్రైనేజీ" (కాలులో పేరుకున్న లింఫ్ అనే ద్రవాన్ని పైకి తరలించే) మసాజ్, అన్నీ కలిపి ఒకటే రేటు. పైసలన్నీ ముందే అడుగుతారు. బోదకాలు ఉన్నవాళ్లకు నెలకు 2,016 రూపాయల పింఛను వస్తుందని అమ్మేవాళ్లకు బాగా తెలుసు, ఒకేసారి కట్టలేమంటే కిస్తీలు కూడా దాన్ని చూసే చెప్తారు. పేరు రాయడం లేదు. డబ్బా మీద పేరు ఊరూరికీ మారుతోంది, సరుకు మాత్రం అదే.

మొదటి మాయ టేపుతోనే. "ముందు" కొలత సాయంత్రం తీస్తారు, పొద్దంతా నిలబడి కాలు బాగా ఉబ్బి ఉన్నప్పుడు. "తర్వాత" కొలత పొద్దున్నే, మంచం దిగకముందు. రాత్రంతా కాలు చాపి పడుకుంటే, ముఖ్యంగా వాపు ఇంకా మెత్తగా ఉన్న దశలో, ఏ మందూ లేకుండానే తగ్గుతుంది. ఆ తగ్గుదలను క్యాప్సూల్ ఖాతాలో రాస్తారు. పైగా ఎక్కడ కొలిచారో గుర్తు పెట్టరు. పిక్క మీద టేపు రెండు వేళ్లు కిందికి జరిగితే చాలు, అంకె మారిపోతుంది. నిజం తెలియాలంటే మీరే కొలుచుకోండి: మడమ నుంచి 10, 20, 30 సెంటీమీటర్ల ఎత్తులో పెన్నుతో గీతలు గీసి, టైలర్ టేపు బిగించకుండా చుట్టి, రెండు కాళ్లూ కొలవండి. వారానికోసారి, అదే వేళకు. రెండో కాలు ఎందుకంటే, రెండూ ఒకేలా తగ్గితే అది ఎండాకాలం పోయినందుకో, పని తగ్గినందుకో అయి ఉంటుంది.

ఇక డబ్బా. ముందు వైపు పెద్దక్షరాల్లో "ఫ్లేవనాయిడ్స్ 500 మి.గ్రా." అని ఉంటుంది. వెనక్కి తిప్పితే చిన్నక్షరాల్లో "సిట్రస్ బయోఫ్లేవనాయిడ్ కాంప్లెక్స్". అంటే నిమ్మజాతి తొక్కల సారం, అందులో అసలు పదార్థం ఎంతో రాయలేదు. మెడికల్ షాపులో మందుగా దొరికే మాత్రలో 450 మి.గ్రా. డయోస్మిన్, 50 మి.గ్రా. హెస్పెరిడిన్ (రెండూ ఫ్లేవనాయిడ్లే) అని విడివిడిగా ఉంటుంది, పొడి కూడా బాగా ఒంటబట్టేలా మైక్రాన్ల స్థాయికి నూరి ఉంటుంది. ఆ మందైనా వాడేది ప్రధానంగా సిరల జబ్బుకు, మొలలకు. లింఫ్ వాపుకు పనిచేస్తుందనడానికి రుజువులు బలహీనం. డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరు, "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అన్న మాట ఉన్నాయంటే చట్టం లెక్కన అది ఆహారం, మందు కాదు. జబ్బు నయం చేస్తుందని చెప్పి అమ్మడానికి వీల్లేదు.

అసలు భయపడాల్సింది పదార్థాల పట్టీలో అడుగున ఉండే పేరుకు: మెలిలాట్, లేదా మెలిలోటస్, లేదా స్వీట్ క్లోవర్ సారం. అందులో కూమరిన్ ఉంటుంది. కూమరిన్ అసలు ఫ్లేవనాయిడే కాదు, "మొక్కల సారం" అనే ముసుగులో కలిసిపోతుంది. లింఫ్ వాపుకు ఒకప్పుడు కొన్ని దేశాల్లో దాన్ని వాడారు. కాలేయం దెబ్బతింటోందని ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ 1996లో ఆపేశాయి. 1999లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో, రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత చెయ్యి వాచిన 140 మంది మహిళలకు ఆరు నెలలు రోజుకు 400 మి.గ్రా. కూమరిన్, ఇంకో ఆరు నెలలు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి చూశారు. వాపులో తేడా రాలేదు, 6 శాతం మందికి కాలేయ పరీక్షలు చెడ్డాయి. కల్లు, సారా అలవాటున్నవాళ్లు, కామెర్లు వచ్చి పోయినవాళ్లు, టీబీ మందులు మింగుతున్నవాళ్లు ఈ డబ్బా ముట్టుకోవద్దు. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లు డయోస్మిన్ కూడా డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు.

మసాజ్ సంగతి ఇంకా ఘోరం. నూనె దండిగా పోసి, పాదం నుంచి పైకి బలమంతా పెట్టి పిసుకుతారు. లింఫ్ నాళాలు చర్మం కిందనే, సన్నగా ఉంటాయి. గట్టిగా రుద్దితే అక్కడికి రక్తం ఎక్కువ చేరి, నీరు ఇంకా ఊరుతుంది. సరైన పద్ధతిలో చెయ్యి పాదం దగ్గర మొదలు కాదు. ముందు మెడ కింద కాలర్ బోన్ పైన, తర్వాత కడుపు నిండా శ్వాస, ఆ తర్వాత గజ్జ, తొడ పైభాగం. పై దారి ఖాళీ అయ్యాకే మోకాలు, పిక్క, చివరికి పాదం. చర్మం మాత్రమే కదలాలి, కండ నొక్కుకోకూడదు. ఒక్కో చోట నెమ్మదిగా ఐదారు సార్లు. నూనె అస్సలు వద్దు, చెయ్యి జారిపోయి చర్మం సాగదు. మసాజ్ అయిన వెంటనే షార్ట్ స్ట్రెచ్ (తక్కువ సాగే) బ్యాండేజీ కట్టాలి, పాదం దగ్గర బిగువు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. ప్యాకేజీలో ఈ కట్టే లేదు! కట్టకపోతే దిగిన నీరు మళ్లీ నిండుతుంది. క్రేప్ బ్యాండేజీ ఇస్తే సరిపోదు, అది సాగిపోతుంది.

ఆ నూనెతో ఇంకో తంటా. వేళ్ల సందుల్లో, చర్మం మడతల్లో అది నిలిచిపోయి ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఒరుసుకుపోయి ఫంగస్ చేరుతుంది, చర్మం చిట్లుతుంది. నాట్ల కాలంలో బురదలో దిగారంటే ఆ పగుళ్ల నుంచే క్రిములు లోపలికి పోతాయి. ఆ తర్వాత వణుకుతో జ్వరం, గజ్జల్లో బిళ్లలు, కాలు ఎర్రగా కాలిపోవడం. అలాంటి ప్రతి దాడికీ వాపు ఒక మెట్టు ఎక్కుతుంది. జ్వరం, ఎరుపు ఉన్నప్పుడు మసాజ్, కట్టు రెండూ బంద్. చల్లటి నీళ్ల గుడ్డ వేసి, కాలు ఎత్తులో పెట్టి, అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

ఒక్క కాలే అకస్మాత్తుగా వాచి పిక్క నొప్పి పుడితే సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, దాన్ని పిసికితే గడ్డ ఊపిరితిత్తులకు పోయే ప్రమాదం ఉంది. రెండు కాళ్లూ వాచి ఆయాసం వస్తుంటే గుండె, కిడ్నీ చూపించుకోవాలి. ఇంటికొచ్చే మసాజ్ మనిషి ఈ ప్రశ్నలేవీ అడగడు.

బోదకాలుకు రోజూ చేయాల్సింది చవకైన పని: సబ్బు, మామూలు నీళ్లతో కడగడం, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో పూర్తిగా ఆరబెట్టడం, ఫంగస్ క్రీము రాయడం, రాత్రి కాలు ఎత్తులో పెట్టడం, మడమ పైకీ కిందికీ ఆడించడం, చెప్పులు లేకుండా తిరగకపోవడం. టబ్బు, మగ్గు, సబ్బు, టవల్, క్రీము ఉన్న కిట్టు గురించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి, దానికి పైసా కట్టనక్కర్లేదు.

ఇప్పటికే కొన్నవాళ్లు క్యాప్సూళ్లు ఆపి, డబ్బా వెనక వైపు ఫోటో తీసుకోండి. మెలిలాట్ ఉంటే, లేదా మూత్రం ముదురు పసుపుగా వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఆకలి చచ్చినా, ఎల్‌ఎఫ్‌టీ (కాలేయం పనితీరు చూసే) రక్త పరీక్ష చేయించుకోండి. డాక్టర్‌కు ఆ డబ్బానే చూపించండి. బిల్లు ఇవ్వకపోతే ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్ మాటలు చెరిపేయొద్దు. ముందు 1915 (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్)కు ఫిర్యాదు చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు.